పోయిన నెల పుట్టిన పురాతన కుర్చీ

ఇంగ్లండులో పాత సామాన్ల దుకాణాలవారు ఇప్పుడు అమ్ముతున్న రంగు వేసిన విండ్సర్ కుర్చీలను (దళసరి చెక్క పలకలోకి కాళ్లు, వీపు పుల్లలు దూర్చి బిగించిన కుర్చీలను) పరిశీలించిన మీదట, ఆంగ్లేయుల సాంఘిక చరిత్రను తిరగరాయవలసి ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను. మనుషులు కూర్చున్న కుర్చీకి రంగు పోయేది అరచేతులు ఆనే కుర్చీ చేతుల కొసల్లో, తొడలు ఒరుసుకునే పలక ముందంచున, మడమలు ఆనించే అడ్డకర్ర మీద. మొన్న నేను చూసిన ‘రెండు వందల ఏళ్ల’ కుర్చీకి ఈ మూడు చోట్లా పచ్చరంగు నిగనిగలాడుతూనే ఉంది. పలక అడుగుభాగం, వెనక కాళ్ల లోపలి వైపు మాత్రం కర్ర తేలేటంతగా అరిగిపోయాయి. దీన్నిబట్టి తేలేదేమంటే, బకింగ్‌హామ్‌షైర్‌లో ఒకానొక కుటుంబం తరతరాలుగా కుర్చీ కింద దూరి, దాని కాళ్లకు వీపు రుద్దుకుంటూ కాలక్షేపం చేసింది. తాతగారు రుద్దుకున్నారు, తండ్రిగారు రుద్దుకున్నారు, ఆదివారం చర్చి నుంచి వచ్చిన చుట్టాలకూ ఆ మర్యాదే జరిగింది. ఆ భంగిమలో టీ ఎలా తాగేవారన్నది పండితులు తేల్చవలసిన విషయం.

ఈ ప్రాచీనత తయారయ్యే పద్ధతి మాత్రం శాస్త్రీయమైనదే. ఒక రంగు పూసి, అరగాలనుకున్న చోట కొవ్వొత్తి రుద్ది, పైన మరో రంగు పూస్తారు. మైనం మీద రంగు నిలవదు కనుక ఉప్పుకాగితంతో నాలుగు సార్లు గీకితే ఒక శతాబ్దం ఊడివస్తుంది. గొలుసుతో బాదితే ఇంకో యాభై ఏళ్లు కలుస్తాయి. ఆపైన సన్నని మేకుతో పుచ్చు బెజ్జాలు పొడుస్తారు. నిజమైన పుచ్చుపురుగు కర్ర లోపల వంకరటింకరగా తిరిగి బయటపడుతుంది. ఈ మేకుపురుగు నిటారుగా దిగి అక్కడే ఆగిపోతుంది.

పద్దెనిమిదో శతాబ్దపు కుర్చీలూ బల్లల రూపకర్త హెపుల్‌వైట్ పోయాక ఆయన భార్య 1788లో అచ్చువేయించిన నమూనాల పుస్తకం, రంగు పూసిన కుర్చీలను సొగసైన కొత్త ఫ్యాషనుగా మెచ్చుకుంది. ఆ రోజుల్లో రంగు పెచ్చులూడితే ఇంటివారు రంగులవాణ్ణి పిలిపించి ఉంటారు గాని, కుర్చీ ధర పెంచి ఉండరు. తోటల్లో వేసుకునే విండ్సర్ కుర్చీకి పచ్చరంగు పూసింది కూడా వాన నుంచి కాపాడటానికి, ఎల్మ్ పలక, బీచ్ కాళ్లు, వీపు చుట్టూ వంచిన యాష్ కమ్మి వేరువేరు కలపలని తెలియనివ్వకుండా ఉండటానికి.

అటువంటి అసలు రంగు మిగిలి ఉన్న కుర్చీలను ఏం చేశారు? 1960లు, 70లలో రంగు లేని ఒట్టి కలప కనపడటమే అందమని మోజు పుట్టినప్పుడు, ఇదే వ్యాపారం వాటిని కాస్టిక్ సోడా తొట్టెల్లో ముంచి తీసింది. బకింగ్‌హామ్‌షైర్‌లోనే కుర్చీలకు పేరుపడ్డ హై వికమ్ చుట్టుపక్కల బీచ్ చెట్ల అడవుల్లో గుడిసెలు వేసుకుని, పచ్చి కొయ్యకు తరిమెన పట్టి, కుర్చీ కాళ్లను గ్రోసుల (పన్నెండేసి డజన్ల) లెక్కన అమ్ముకుని బతికిన ‘బాడ్జర్’ పనివాళ్ల పేర్లు ఏ కుర్చీ మీదా లేవు. వాళ్లు చేసిన వస్తువు మీద ఎవరు ఎక్కడ కూర్చున్నారో, ఎక్కడ చెయ్యి వేశారో చెప్పగలిగినది ఆ రంగొక్కటే. దాన్ని కడిగి మురుగుకాలవలో పోశారు! ఉన్న చరిత్రను గోకి పారేసి, లేని చరిత్రను గోకి పుట్టించి, రెండుసార్లూ డబ్బు చేసుకున్న వాళ్లకు సిగ్గు లేదు. దాన్ని అభిరుచి అని పిలిచే కొనుగోలుదార్లకు అంతకన్నా లేదు.

కొత్త కుర్చీకి కొత్త రంగు వేసి, కొత్తదనే చెప్పి అమ్మితే కొనేవారు లేకపోలేదు. కాకపోతే కుర్చీ ధరే వస్తుంది, తాతముత్తాతల ధర రాదు.