పాకాల గట్టున గాజు పెంకులు

నర్సంపేట దాటి అడవి దారిలో పాకాల చెరువు చేరుకున్నప్పుడల్లా, 13వ శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుని కాలాన గుట్టల నడుమ కట్ట పోసి నిలిపిన ఆ నీటిని చూస్తూ కాసేపు మాటల్లేకుండా నిలబడిపోవడం నాకు అలవాటు. మొన్నటి ఆదివారం మాత్రం నిలబడడానికే చోటు వెతుక్కోవలసి వచ్చింది.

ఒక చెట్టు కింద ఎవరో దావత్ చేసుకుని వెళ్లారు. మూడు రాళ్ల పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగానే ఉంది. దాని చుట్టూ పులుసు అంటిన ప్లాస్టిక్ ప్లేట్లు, కోడి బొక్కలు, బండకేసి కొట్టి మరీ పగలగొట్టిన బీరు సీసాలు. తాగడం వారి ఇష్టమే అనుకుందాం, కానీ ఖాళీ సీసాను పగలగొట్టడంలో ఏ ఆనందముందో నాకు నేటికీ అంతుపట్టదు. మా అమ్మాయి చెప్పులు విడిచి నీళ్లలోకి దిగబోతుంటే చేయి పట్టి వెనక్కి లాగాను. నీళ్లకు వచ్చే పశువులను లాగేవారెవరు?

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులపై 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉన్నా, అవి దుకాణాలలో కట్టలుగా దొరుకుతూనే ఉన్నాయి. మోదుగాకు విస్తళ్లు కుట్టిన నేలమీద ఇదేమి కర్మ! కోతులకు చిప్స్ పొట్లాలు విసిరేదీ మనమే, అవి సంచి లాక్కుంటే తిట్టేదీ మనమే.

నేను పెంకులు ఏరుతుంటే కారు దిగిన ఒకాయన, "పంచాయతీ వాళ్లా సార్?" అని అడిగి, జవాబు వినకుండానే తన ఖాళీ నీళ్ల సీసాను నా సంచిలో వేసి వెళ్లిపోయారు.