నవ్వితే మాఫియానా?

నిన్న రాత్రి సత్యనారాయణపురంలో మా మేడ మీద జరిగిన అన్యాయం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. కరెంటు పోయింది. డాబా ఇంకా సెగలు కక్కుతోంది. సరే, మాఫియా ఆడదామన్నారు. చీటీల్లో రహస్యంగా వేషాలు పంచుకునే ఆట. 'రాత్రి' అందరూ కళ్లు మూసుకుంటే మాఫియా ఒకరిని లేపేస్తుంది, డాక్టర్ ఒకరిని కాపాడొచ్చు, డిటెక్టివ్ ఒకరిని చూపించి మాఫియానా అని అడగొచ్చు. 'తెల్లారాక' అందరూ ఓటేసి అనుమానమున్నవాళ్లని బయటికి పంపాలి. ఏడుగురం. ఇద్దరు మాఫియా, ఒక డిటెక్టివ్, ఒక డాక్టర్, ముగ్గురు మామూలు జనం. మొదటి రాత్రే మా తమ్ముడు పోయాడు. చీటీ తెరిస్తే మామూలోడు.

తెల్లారిందనగానే మా బావ నావైపు వేలు చూపించి, "దీని మొహం చూడండి, నవ్వాపుకుంటోంది. ఇదే మాఫియా" అన్నాడు. అంతే, తీర్పు అయిపోయింది!

అయ్యా, నేను డిటెక్టివ్‌ని! రాత్రి బావ మీదే అనుమానం చెప్పాను, ఆట నడిపే గాడ్‌గా కూర్చున్న పిన్ని కూతురు అవునని తలూపింది కూడా. అదే చెబితే, "దొరికాక అందరూ డిటెక్టివ్‌లే" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. వాళ్లు నవ్వొచ్చు మరి.

డిటెక్టివ్ ఒక్కరే కదా. పోయినవాడు కాదని చీటీ చూశారు కదా. నాది అబద్ధమైతే అసలు డిటెక్టివ్ "నేను" అని లేవాలా వద్దా? ఒక్కరు లేస్తే ఒట్టు. పైగా ఆరుగురిలో నన్ను పంపిస్తే ఐదుగురు, రాత్రికి ఇంకొకరు పోతే నలుగురు. మాఫియా ఇద్దరికి మిగతావాళ్లు ఇద్దరు, సమానమైతే మాఫియాదే గెలుపు, ఆట ఖతం. డాక్టర్ ఎవరినైనా కాపాడితే తప్ప ఏడుగురి ఆటలో ఒక్క తప్పు ఓటుకే కొంప మునుగుతుంది. ముందు ఎవరు వేలెత్తారు, వెంటనే ఎవరు వంత పాడారు, అది చూడాలిగానీ మొహాలు చూస్తారా? ఇవేమన్నా పెళ్లిచూపులా?

1986లో మాస్కోలో దిమిత్రీ దవిదోవ్ అనే సైకాలజీ విద్యార్థి ఈ ఆట తయారుచేశాడు. విషయం తెలిసిన నలుగురు, తెలియని నలభైమందిని ఎలా ఆడిస్తారన్నదే అందులో కిటుకు. మా ఇంటికొస్తే ఆయనకంత శ్రమ ఉండేది కాదు.

అసలు ఇది ఇవాళ్టి సంగతా? చిన్నప్పుడు రాముడు-సీత చీట్లాటలోనూ ఇదే బావ, ఇదే లాజిక్. అదైనా ఆట. గుంటూరు బ్రాడీపేటలో అమ్మమ్మ సున్నుండల డబ్బా ఖాళీ అయిన రోజు? టెన్షన్ వస్తే నాకు నవ్వొస్తుంది, పుట్టుకతో వచ్చిన జబ్బు, ఏం చేయను? నవ్వాను కాబట్టి నేనే తిన్నానట. డబ్బా ఉన్నది అటక మీద. స్టూలెక్కినా నా చెయ్యి అందదు. ఎవరికి అందుతుందో ఒక్కరూ ఆలోచించలేదు, ఇంటిల్లిపాదీ నా పళ్లే లెక్కపెట్టారు. వారం రోజులు నాకు సున్నుండ బంద్.

ఇంతకీ నిన్న రెండో మాఫియా ఎవరో తెలుసా? మా అక్క. బావ వేలెత్తాడో లేదో చెయ్యెత్తింది ఆవిడే.

పొద్దున ఫోన్ చేసి, "ఆటే కదే, ఎందుకంత సీరియస్?" అంది. ఆ రోజు సున్నుండలు ఎవరు తిన్నారే అని అడిగాను.

ఫోన్ పెట్టేసింది.