అగ్రరాజ్యానికి ఒక్కడు చాలు

టీవీ చర్చల్లో అమెరికా రాజకీయాలను విడమరిచి చెప్పే విశ్లేషకులకు నాదొక మనవి. రిపబ్లికన్లకు ఎరుపు, డెమోక్రాట్లకు నీలం రంగు పూసిన ఆ పటాన్ని తెర మీద పెట్టి, "అమెరికా నిట్టనిలువునా రెండుగా చీలిపోయింది" అని నిట్టూర్చడం దయచేసి మానండి. రెండా? రెండుగా చీలాలంటే ఒక్కో పక్షంలో ఉన్నవాళ్లయినా ఒక మాట మీద నిలబడాలి కదా! వాషింగ్టన్‌లో అంతటి ఐకమత్యం ఉందని ప్రచారం చేయడం అక్కడి నాయకుల కష్టాన్ని కించపరచడమే.

ప్రతినిధుల సభలోని రిపబ్లికన్లనే తీసుకోండి. 2023లో తమ వర్గాల పెద్దలు కలిసి కూర్చునే సమావేశాన్ని వాళ్లే 'ఐదు కుటుంబాలు' అని పిలుచుకునేవారు. న్యూయార్క్ మాఫియా ముఠాలకున్న పేరది. ప్రత్యర్థులు అంటగట్టింది కాదు, ముచ్చటపడి తగిలించుకున్నది. డెమోక్రాట్లు పెద్దమనుషులు కాబట్టి అలాంటి పేర్లు పెట్టుకోరు. ప్రోగ్రెసివ్ కాకస్, న్యూ డెమోక్రాట్లు, బ్లూ డాగ్స్ అంటూ మర్యాదగా విడిపోయి, పేరు రాయవద్దని విలేకరులను బతిమాలుకుని మరీ ఒకరినొకరు తిట్టుకుంటారు.

ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరని ఘట్టం మాత్రం 2023 జనవరిది.

రిపబ్లికన్లు 222 స్థానాలతో సభను గెలుచుకున్నారు. గెలిచిన పార్టీ నాయకుడు స్పీకర్ కావడం అక్కడ లాంఛనం. 1923 తర్వాత ఏనాడూ రెండో విడత ఓటింగు అవసరం పడలేదు. ఆ ధీమాతోనే కెవిన్ మెకార్థీ ఎన్నిక కాకముందే సామాను తెచ్చుకుని స్పీకర్ గదిలో దిగిపోయారు. సొంత పార్టీకే చెందిన మాట్ గేట్జ్ ఊరుకుంటారా? ఈయన ఏ హక్కుతో ఆ గదిలో ఉంటున్నారని భవన నిర్వహణాధికారికి లేఖ రాశారు. ప్రపంచంలోకెల్లా శక్తిమంతమైన చట్టసభ కొత్త సమావేశాలు అలా ఒక కబ్జా ఫిర్యాదుతో శుభారంభమయ్యాయి.

జనవరి 3న ఓటింగు మొదలైంది. ఒక్కొక్కరి పేరు పిలుస్తారు, ఒక్కొక్కరూ తాము కోరుకున్న మనిషి పేరు చెబుతారు. మొత్తం 434 మంది. పిలుపు పూర్తయ్యేసరికి మెకార్థీకి 203, డెమోక్రాట్ల నాయకుడు హకీమ్ జెఫ్రీస్‌కు 212. కావలసింది 218. అంటే ఎన్నికల్లో ఓడిన పార్టీ నాయకుడు ముందున్నాడు, గెలిచిన పార్టీ నాయకుడు వెనకబడ్డాడు, ఇద్దరూ నెగ్గలేదు. మళ్లీ పిలిచారు. మళ్లీ 203. మూడోసారి పిలిస్తే 202. మనిషి ప్రయత్నించే కొద్దీ తరిగిపోతున్నాడు.

ఇక్కడ రాజ్యాంగపరమైన ఒక విశేషం గమనించాలి. సభ్యుల చేత ప్రమాణం చేయించాల్సింది స్పీకర్. స్పీకర్ లేడు కాబట్టి సభ్యులు ఇంకా సభ్యులు కాలేదు. ప్రమాణం చూద్దామని కొత్త బట్టలు వేసుకుని వచ్చిన భార్యాబిడ్డలు కునికిపాట్లు పడ్డారు. కాలిఫోర్నియా డెమోక్రాట్ ఒకాయన పసిబిడ్డను గుండెకు కట్టుకుని ఓటేశారు. సభలో కెమెరాలు ఎటు తిరగాలో మామూలుగా స్పీకర్ కింద పనిచేసే సిబ్బంది నిర్ణయిస్తారు. ఇప్పుడు అదుపు చేసే నాథుడే లేడు. అందుకని టీవీ వాళ్లు ఎవరి చెవిలో ఎవరు గుసగుసలాడుతున్నారో దేశమంతటికీ చూపించారు. నాలుగో రోజు దాకా, పదకొండు విడతల దాకా, ప్రతిసారీ జెఫ్రీస్‌దే ఆధిక్యం. గేట్జ్ అయితే ఒక దశలో స్పీకర్ పదవికి ఏకంగా ట్రంప్ పేరు ప్రతిపాదించారు. మాజీ అధ్యక్షుడికి వచ్చినవి అక్షరాలా ఒక్క ఓటు. అదీ ప్రతిపాదించిన వ్యక్తిదే.

మన దగ్గరైతే ఇలాంటి వేళకు రిసార్టుకు బస్సులు కట్టి, ఎమ్మెల్యేల ఫోన్లు ముందే తీసేసుకునేవారు. అమెరికాకు ఇంకా అంతటి సాంకేతిక పరిజ్ఞానం అందలేదు. అక్కడ జరిగింది దీనికి సరిగ్గా వ్యతిరేకం. శుక్రవారం రాత్రి, పద్నాలుగో విడత సమయంలో, రిపబ్లికన్ సభ్యురాలు మార్జోరీ టేలర్ గ్రీన్ తన ఫోను పట్టుకుని మొండికేసిన మాట్ రోజెండేల్ దగ్గరకు వెళ్లి ఆయన ముఖం ముందు పెట్టారు. తెర మీద 'డీటీ' అని రెండు అక్షరాలు. లైన్లో ట్రంప్. రోజెండేల్ చేయి అడ్డంపెట్టి వద్దు పొమ్మన్నారు. అదే సమయంలో మెకార్థీకి ఒక్క ఓటు తక్కువైంది. ఒక్కటి! ఆఖర్న ఓటేసిన గేట్జ్ ఎవరి పేరూ చెప్పకుండా 'హాజరు' అని మాత్రం పలికారు. కాబోయే స్పీకర్ కుర్చీలోంచి లేచి, నడవ దాటి, కూర్చుని ఉన్న గేట్జ్ ముందు నిలబడి బతిమాలారు. కుదరలేదు. ఈలోగా అలబామా సభ్యుడు మైక్ రోజర్స్ కోపం పట్టలేక గేట్జ్ మీదికి దూకబోయారు. తోటి రిపబ్లికన్ రిచర్డ్ హడ్సన్ వెనకనుంచి ఆయన నోటి మీద చేయి వేసి, అలాగే వెనక్కి లాగారు. ఎదుటి వరసల్లోని డెమోక్రాట్లకు టికెట్టు లేకుండానే ఆట దొరికింది. ఆ రోజు తేదీ జనవరి 6. రెండేళ్ల కిందట ఇదే తేదీన బయటి మూకలు ఈ భవనంలోకి చొరబడ్డాయి. ఈసారి బయటివాళ్ల అవసరం కలగలేదు.

అర్ధరాత్రి దాటాక పదిహేనో విడతలో మెకార్థీ గెలిచారు, 216 ఓట్లతో. పేరు చెప్పినవాళ్లలో సగానికి పైగా వస్తే చాలు కాబట్టి, మొండివాళ్లు ఆరుగురు 'హాజరు' అని ఊరుకోవడంతో కావలసిన సంఖ్య తగ్గి 216 సరిపోయాయి. అందుకు ఆయన చెల్లించిన ధరల్లో ముఖ్యమైనది ఒక నిబంధన: సభ్యుడు ఎవరైనా సరే, ఒక్కడు లేస్తే చాలు, స్పీకర్‌ను దించే తీర్మానం సభ ముందుకు రావాలి. దించే అధికారాన్ని ముందే చేతికిచ్చి, ఎక్కించమని అడిగారన్నమాట.

ఆ ఒక్కడు ఎవరో చెప్పనక్కర్లేదు. ఎప్పుడు లేచాడో మాత్రం చెప్పాలి. సెప్టెంబరు 30న, ఖజానా తాళం పడటానికి గంటల ముందు, మెకార్థీ డెమోక్రాట్ల ఓట్లు కలుపుకుని 45 రోజుల ఖర్చులకు బిల్లు నెగ్గించారు. దేశం నడిచింది. క్షమించరాని నేరం కదా! అక్టోబరు 3న ఎనిమిది మంది రిపబ్లికన్లు, హాజరైన డెమోక్రాట్లందరూ కలిసి 216-210తో ఆయనను దించేశారు. అమెరికా చరిత్రలో ఇలా పదవి పోయిన తొలి స్పీకర్ ఆయనే. ఏ ఓట్లతో ఆయన ప్రభుత్వాన్ని నిలబెట్టారో ఆ ఓట్లే ఆయనను పడగొట్టాయి. డెమోక్రాట్లు ఏదో ధర్మసంకటంలో పడి ఓటేశారని అనుకునేరు. వాళ్లూ లెక్క చూసుకునే వేశారు.

తాత్కాలికంగా కుర్చీ ఎక్కిన పాట్రిక్ మెక్‌హెన్రీ సుత్తిని బల్ల విరిగేటంత కసిగా కొట్టి, మొదటి ప్రభుత్వ కార్యంగా డెమోక్రాట్ల మాజీ స్పీకర్ నాన్సీ పెలోసీని ఆమె గది ఖాళీ చేయమన్నారు. తర్వాత మూడు వారాలు కొత్త స్పీకర్ కోసం రిపబ్లికన్ల స్వయంవరం. స్టీవ్ స్కలీస్ వచ్చి ఒక రోజులో తప్పుకున్నారు. జిమ్ జోర్డాన్‌కు మూడు విడతల్లో 200, 199, 194 ఓట్లే. టామ్ ఎమ్మర్ మధ్యాహ్నం అభ్యర్థి, సాయంత్రానికి మాజీ. ఎవరికీ పెద్దగా తెలియని మైక్ జాన్సన్ చివరికి నెగ్గారు. పెద్దగా తెలియకపోవడమే ఆయన అర్హత. ద్వేషించడానికి ఎవరికీ వ్యవధి దొరకలేదు. నవంబరులో, దించిన ఎనిమిది మందిలో ఒకరైన టిమ్ బర్చెట్, నడవలో వెళుతూ మెకార్థీ తన నడుము మీద మోచేత్తో పొడిచారని ఆరోపించారు. మెకార్థీ కాదన్నారు. తాను నిజంగా కొడితే అతనికి తెలిసేదని కూడా అన్నారు.

సెనేట్ పెద్దల సభ, అక్కడ మోచేతులు ఆడవు. అక్కడ ఒక్కడు లేవనక్కర్లేదు, ఒక్క 'ఒప్పుకోను' చాలు. టామీ ట్యూబర్‌విల్ అనే పూర్వ ఫుట్‌బాల్ శిక్షకుడు 2023లో నెలల తరబడి ఆ ఒక్క మాటతో నాలుగు వందలకు పైగా సైనికాధికారుల పదోన్నతులు ఆపారు. సొంత పార్టీ సెనేటర్లే ఒక రాత్రి నిలబడి ఒక్కో అధికారి పేరు చదివారు, ఆయన ఒక్కో పేరుకూ అడ్డుపడ్డారు.

ఇంతవరకు నవ్వాను. ఇక నవ్వలేను.

ఖర్చుల బిల్లు నెగ్గక 2025 అక్టోబరు 1న ప్రభుత్వం మూతపడింది, నవంబరు 12 దాకా తెరుచుకోలేదు. 43 రోజులు. విమానాశ్రయాల్లో మన సంచులు తనిఖీ చేసేవాళ్లు, ఆకాశంలో విమానాలు ఒకదానికొకటి తగలకుండా చూసేవాళ్లు జీతం లేకుండా పనికి వచ్చారు. నాలుగు కోట్లకు పైగా పేదలకు అందే ఆహార సాయం మొత్తం ఇవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు దాకా వాదించారు. అన్నం పెట్టకూడదని వకాలతు పుచ్చుకుని వెళ్లారు! ఆ కాలమంతా ప్రతినిధుల సభకు సెలవు. అరిజోనాలో సెప్టెంబరు 23న గెలిచిన అడెలిటా గ్రిహాల్వాకు నవంబరు 12 వరకు ప్రమాణమే చేయించలేదు. ఏడాదికి 1,74,000 డాలర్ల సభ్యుల జీతం మాత్రం ఆగదు. ఆగని ఏర్పాటు వాళ్లే చేసుకున్నారు. ఆరోగ్య బీమా రాయితీల కోసమని పోరాటం మొదలుపెట్టిన డెమోక్రాట్లలో కొందరు చివరికి రాయితీలు రాకుండానే ఒప్పుకున్నారు. పార్టీలో కొందరు, ఒప్పుకోవద్దని ఓటేసిన సెనేట్ డెమోక్రాట్ల నాయకుడు షూమర్‌నే నాయకత్వం నుంచి తప్పుకోమన్నారు.

ఆ అక్టోబరులో కార్మిక శాఖలో దరఖాస్తులు చూసే విభాగం మూతపడి, కొత్త హెచ్-1బి కాగితాలకు దిక్కులేక ఎందరో మన పిల్లలు చేతులు కట్టుకుని కూర్చున్నారు. అదే సమయంలో మన వాట్సాప్ గ్రూపుల్లో, ఆ దేశంలో ఓటు కూడా లేని అన్నయ్యలు ఎరుపా నీలమా అని బంధుత్వాలు తెంచుకుంటున్నారు. అయ్యా, మీకోసం రెండు రంగులూ కలిసిన రోజు ఒకటుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా ఏడు శాతమే అన్న పరిమితిని ఎత్తేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. సెనేట్‌లో ఒకరు దిగితే ఇంకొకరు, చెరో పార్టీ వారు, వంతులు వేసుకుని అడ్డం పడ్డారు. 2020 డిసెంబరులో అక్కడా ఏకగ్రీవంగా నెగ్గింది, కాకపోతే మాటలు మార్చి. రెండు సభలూ ఒప్పుకున్న బిల్లు, ఆ రెండు ప్రతులను ఒకటి చేసే తీరిక ఎవరికీ లేక, సభ గడువుతో పాటు చచ్చిపోయింది. వరసలో నిలబడినవాళ్లు ఇంకా నిలబడే ఉన్నారు. వాళ్ల పిల్లలకు ఇరవై ఒకటి నిండుతోంది, తల్లిదండ్రుల వీసా నీడ పోతోంది. ఇది పోట్లాటలో పోయింది కాదు. ఒప్పుకున్నాక పోయింది. కొట్టుకుంటేనే కెమెరా తిరుగుతుంది మరి, సంతకాలు సరిచూసుకుంటుంటే ఎవరు చూస్తారు?

అయినా వాళ్లకు సంస్కరణ చేతకాదని అనకూడదు. ఒక్కడు లేస్తే స్పీకర్ కుర్చీ కదిలే దుస్థితిని 2025 జనవరిలో నిబంధనలు రాసుకుంటూ సరిదిద్దారు. ఇకపై ఒక్కడు చాలడు, అధికార పక్షం నుంచి తొమ్మిది మంది కావాలి. మెకార్థీని దించిన రిపబ్లికన్లు ఎనిమిది మంది.