చెప్పులేసుకుని ముట్టుకో

నరసన్నపేట దగ్గర మా పిన్ని వాళ్లింట్లో వాషింగ్ మెషిన్ పక్కన ఎప్పుడూ ఒక జత హవాయి చెప్పులుంటాయి. అవి ఎవరివీ కావు, మెషిన్‌వి. మెషిన్ ముట్టుకోవాలంటే ముందు అవి వేసుకోవాలి. చుట్టాలెవరైనా బట్టలు వేయబోతే పిన్ని వంటింట్లోంచే కేకేస్తుంది: "చెప్పులేసుకుని ముట్టుకో అమ్మా, కొంచెం జివ్వుమంటాది." ఆ "కొంచెం" నాలుగేళ్లుగా ఉంది. ఎలక్ట్రీషియన్ని పిలవలేదా అంటే, పిలిచారు. టెస్టర్ పెట్టి చూశాడట, వెలిగిందట. "మెషిన్లన్నీ ఇంతేనండి, బాడీకి కొద్దిగా పాస్ అవుద్ది" అని చెప్పి వెళ్లాడట. చెప్పుల సలహా ఆయనదే.

మొన్న వేసవిలో వెళ్లినప్పుడు మెయిన్ ఆపించి ఆ సాకెట్ విప్పించాను. మూడు కన్నాల సాకెట్టే. పైనున్న పెద్ద కన్నం వెనకాల స్క్రూ షాపులోంచి తెచ్చినప్పటిలాగే మెరుస్తోంది. దానికి ఏ వైరూ బిగించలేదు. బిగించడానికి గోడలో ఆకుపచ్చ ఎర్త్ వైరే లేదు. ఇల్లు కట్టి ఆరేళ్లయింది. పైకి కనిపించే స్విచ్చు ప్లేట్లు మాత్రం ఖరీదైనవి. హాల్లో ఫాల్స్ సీలింగ్‌కి రంగులు మారే లైట్లు పద్నాలుగు.

ఆ ఇంటి డబ్బు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు, అంటే పిన్ని కొడుకు, పంపింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో కొత్తగా లేస్తున్న ఇళ్లలో చాలావాటి కథ ఇదే. కొడుకు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో గల్ఫ్‌లోనో ఉంటాడు. డబ్బు ఫోన్‌లో వస్తుంది, నిర్ణయాలూ ఫోన్‌లోనే. టైల్స్ ఫొటో పంపితే రంగు మార్చమంటాడు. గోడ చెక్కి పైపులు వేసిన రోజు, పైపుల్లో వైర్లు లాగిన రోజు ఎవరూ ఫొటో పంపరు, అతనూ అడగడు. కరెంటు గురించి ఇళ్లలో వినిపించే ప్రశ్నలన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. షాక్ ఎందుకు కొడుతోంది, బ్రేకర్ ఎందుకు పడిపోతోంది, ఫ్యాన్లు ఒకేసారి ఎందుకు కాలిపోయాయి? జవాబులు గోడలో ఉన్నాయి, గోడేమో మూసేశాం. మనం అడుగుతున్న ప్రశ్నలు మంచివే, అడుగుతున్న టైమే తప్పని నా వాదన. పైగా దెబ్బ తినేది ఫోన్‌లో నిర్ణయించిన మనిషి కాదు. తడి చేతులతో మెషిన్ దగ్గర, మోటారు దగ్గర, గీజర్ దగ్గర తిరిగే ఆడవాళ్లు.

మూడో పిన్ను మిగతా రెండింటికన్నా లావుగా, పొడుగ్గా ఎందుకుంటుందో చూడండి. ప్లగ్ పెట్టేటప్పుడు అది ముందు తగలాలి, తీసేటప్పుడు చివర్న వదలాలి. మెషిన్ లోపల ఇన్సులేషన్ పోయి ఫేజు, అంటే కరెంటు తెచ్చే వైరు, బాడీకి తగిలితే, ఆ కరెంటు ఆకుపచ్చ వైరు పట్టుకుని నేలలోకి పోవాలి తప్ప మన చేతిలోంచి కాదు. దాని కోసం ఇంటి బయట గొయ్యి తవ్వి, పైపు దించి, బొగ్గూ ఉప్పూ పోసి నింపుతారు. ఒక పూట పని. కానీ ఈ గోతికి, ప్రతి సాకెట్‌కీ లాగాల్సిన వైరుకీ డబ్బు పెట్టాలంటే చెయ్యి రాదు, ఎందుకంటే గృహప్రవేశానికి వచ్చినవాళ్లు దాన్ని చూసి మెచ్చుకోరు.

దీన్ని ఎగ్గొట్టడానికి ఒక పాపిష్టి చిట్కా ఉంది. సాకెట్ వెనకాల న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్త్ స్క్రూకి కలిపేస్తారు. ఆ రోజుకి షాక్ మాయమవుతుంది, ఇంటావిడ సంతోషిస్తుంది, వచ్చినాయన మూడొందలు తీసుకుని వెళ్తాడు. ఎప్పుడో ఒకరోజు గాలికి న్యూట్రల్ తెగుతుంది. అప్పుడు ఫేజు కరెంటు వెలుగుతున్న బల్బులోంచో ఫ్యాన్‌లోంచో వెనక్కి వచ్చి, ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ బాడీకీ మెషిన్ బాడీకీ ఎక్కుతుంది. 230 వోల్టులు. అప్పుడు జివ్వుమనడంతో పోదు. ఇంట్లో ఏదీ పనిచేయకుండా, సాకెట్‌లో రెండు కన్నాల్లోనూ టెస్టర్ వెలుగుతుంటే న్యూట్రల్ పోయిందని అనుమానించి మెయిన్ ఆపేయాలి.

"మాకు ఎంసీబీలున్నాయండి, భయం లేదు" అనేవాళ్లు చాలామంది. ఎంసీబీ అంటే కరెంటు మరీ ఎక్కువైతే దానంతటదే పడిపోయే బ్రేకరు. అది కాపాడేది వైరుని, మనిషిని కాదు. పవర్ ప్లగ్గుకి పెట్టే 16 ఆంపియర్ల ఎంసీబీ అంటే 16,000 మిల్లీ ఆంపియర్లు. మనిషి గుండె ఆగడానికి అందులో చాలా చిన్న వంతు సరిపోతుంది. షాక్ తగిలి గోడకి అంటుకుపోయిన మనిషి, ఎంసీబీ లెక్కలో ఒక చిన్న లైటు కింద లెక్క. అది పడిపోదు.

ఇక్కడే మన తీరం సంగతి కూడా చెప్పాలి. కళింగపట్నం, బారువ, ఇటు భోగాపురం వైపు ఇసుక నేలలు. ఎండిన ఇసుకలో కరెంటు సులువుగా పారదు. గోతిలో నిరోధం ఇరవై ఓమ్‌లు ఉందనుకోండి. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. ఫేజు నేరుగా బాడీకి తగిలినా నేలలోకి పోయేది అంతే. 16 ఆంపియర్ల ఎంసీబీ పడిపోదు, బాడీలో కరెంటు అలాగే నిలబడి ఉంటుంది. అంటే గొయ్యి తవ్వి, ఆకుపచ్చ వైరు లాగి, అన్నీ బుద్ధిగా చేసిన ఇంట్లో కూడా ఎంసీబీ ఒక్కదాన్నీ నమ్ముకోకూడదు. వేసవిలో ఎర్త్ గోతిలో బిందెడు నీళ్లు పోయమని పాతకాలం మేస్త్రీలు చెప్పేది ఊరికే కాదు. ఇక ఉప్పు గాలికి రాగి మీద పచ్చటి చిలుము పడుతుంది, ఇనప పట్టీ తుప్పు పడుతుంది. పదేళ్ల కిందట వేసిన ఎర్త్ ఇప్పటికీ నేలతో కలిసే ఉందని పట్టీ చూసి చెప్పలేం. మీటరు పెట్టి కొలవాలి.

మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. మనవైపు ఎలక్ట్రీషియన్లు పాత పేరుతో ఈఎల్‌సీబీ అనే అంటారు. ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా అని అది చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సెకనులో మూడో వంతు గడవకముందే మొత్తం ఆపేస్తుంది. ఆ తేడా ఎక్కడికి పోయినట్టు? నేలలోకి, లేదా మనిషిలోంచి నేలలోకి. ఇళ్లలో ఈ పరిమితి 30 మిల్లీ ఆంపియర్లు దాటకూడదని, బాగా చిన్న లోడున్న కనెక్షన్లు తప్ప మిగతావాటికి ఇలాంటి రక్షణ ఉండి తీరాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. ఖర్చు రెండు మూడు వేల రూపాయలు. షాపులో 100, 300 మిల్లీ ఆంపియర్లవీ ఉంటాయి, చూసి కొనాలి. దాని మీద 'టీ' అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే పడిపోవాలి. నెలకోసారి నొక్కి చూడమంటారు. నొక్కే ఇంటిని నేను ఇంతవరకూ చూడలేదు, మా ఇంటితో సహా. ఇంకో సంగతి, ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని అది కూడా కాపాడలేదు. దాని లెక్కలో ఆ మనిషి కూడా ఒక బల్బే.

పిన్ని వాళ్లింట్లో పెట్టించాం. గోడలో పైపు అప్పటికే వైర్లతో బిగిసిపోయి ఉంది, ఆకుపచ్చది దూరలేదు. గోడ మీద తెల్ల పట్టీ కొట్టి లాగించాల్సి వచ్చింది. ఇంటి అందం పోయిందని బాబాయి రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు నుంచి పొద్దున్నే ఆరింటికి ఆర్‌సీసీబీ పడిపోవడం మొదలైంది. ఎలక్ట్రీషియన్ వచ్చి, "ఇది మీ ఇంటికి పడదు బాబూ, తీసేసి డైరెక్ట్ చేసేద్దాం" అన్నాడు. ఉత్తరాంధ్రలో ఎన్ని ఇళ్లలో ఆ పెట్టె బోర్డు మీద ఉండి కూడా వైరు దాని పక్కనుంచి పోతోందో లెక్క తీస్తే బాగుండును. ఒక్కొక్కటే ఆపుతూ చూస్తే దొరికింది. ఆరింటికి వేసేది బోరు మోటారు. దాని వైరుకి పెరట్లో ఒక అతుకుంది, దానికి చుట్టిన టేపు ఊడి, అంట్లు తోమిన నీళ్లు నిలిచే చోటే పడి ఉంది. రోజూ ఆ నీళ్లలో నిలబడి అంట్లు తోమేది పిన్నే.

ఆర్‌సీసీబీ పడిపోతోందంటే అతికిన చోటో, పాత గీజర్ కాయిల్ లోపమో, ఇన్వర్టర్ న్యూట్రల్ వేరే లైను న్యూట్రల్‌తో కలిసిపోవడమో, ఏదో ఒకటి ఉంటుంది. వెతకడానికి ఒక పూట పడుతుంది, తీసేయడానికి ఐదు నిమిషాలు చాలు. మనం కూలి ఇచ్చేదేమో పని ఎంత త్వరగా అయిందో చూసి.

తుఫాన్ల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ. స్తంభాలు నేలకొరిగిన సంగతి అందరికీ గుర్తే. కానీ కరెంటు తిరిగొచ్చిన రోజు గురించి తక్కువ మాట్లాడుకుంటాం. స్తంభం దగ్గర న్యూట్రల్ సరిగ్గా పడకపోతే, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్ల మధ్య వోల్టేజి అడ్డదిడ్డంగా పంచుకుపోతుంది. తక్కువ లోడున్న ఇంటికి 230 బదులు 400 దాకా వెళ్లొచ్చు. బల్బు మామూలు కంటే తెల్లగా, మరీ ప్రకాశంగా వెలిగితే సంబరపడకుండా మెయిన్ దించి 1912కి ఫోన్ చేయాలి. టీవీ పోయాక చేసే ఫోన్ వల్ల లాభం లేదు.

తిత్లీ తర్వాత అద్దె జనరేటర్లు ఊళ్లు తిరిగాయి, ట్యాంకులు నింపడానికి, ఫోన్లు చార్జింగ్ పెట్టడానికి. రెండు కొసలకీ ప్లగ్గులున్న వైరుతో జనరేటర్‌ని నేరుగా ఇంటి సాకెట్‌కి కలపడం నేను కళ్లారా చూశాను. మెయిన్ ఆపడం మరిచిపోతే ఆ కరెంటు మీటరు దాటి స్తంభానికి ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనకనుంచి వెళ్లి 11,000 వోల్టులై అటువైపు లైన్లోకి పోతుంది. ఆ లైను చచ్చిపోయిందనుకుని అక్కడెక్కడో లైన్‌మేన్ చేత్తో పట్టుకుని ఉంటాడు. లైనుకో జనరేటర్‌కో ఒకదానికే ఇంటిని కలపనిచ్చే చేంజోవర్ స్విచ్చు లేకుండా జనరేటర్ కలపడమంటే ఆ మనిషి ప్రాణంతో ఆడుకోవడమే.

పెరట్లో బట్టలారేసే జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనప తీగ, ఇంకో ముప్పు. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరుకి ఊతంగా కట్టిన పైపుకే దాన్ని కూడా కట్టేస్తారు, రెండో కొస జామచెట్టుకి. సర్వీసు వైరు రేకు అంచుకి రాసుకుని రాసుకుని ఒకచోట పొర చిరుగుతుంది. వాన కురిసిన రోజు తడి చీర ఆ తీగ మీద వేసినావిడకి ఏం జరుగుతుందో పేపర్లో జిల్లా పేజీ చదివేవాళ్లకి చెప్పనక్కర్లేదు. నైలాన్ తాడు ఖరీదు వంద రూపాయలు కూడా ఉండదు.

వైరు సైజుల గురించి రెండే మాటలు. లైట్లకి ఒకటిన్నర, ప్లగ్గులకి రెండున్నర, ఏసీకీ గీజర్‌కీ నాలుగు, అంటే చదరపు మిల్లీమీటర్లు. 1500 వాట్ల హీటర్ రాడ్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది కనుక ఆరు ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకూడదు. ఫ్యూజు పోతే దొరికిన రాగి పోగులు నాలుగు మెలేసి కట్టే అలవాటుంటే, ఆ తర్వాత కరిగేది గోడలో వైరే.

ఎలక్ట్రీషియన్ని పిలవకుండా ఎంతవరకు మనమే చేసుకోవచ్చని అడుగుతుంటారు. బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు లాంటివి ఉన్నదాని స్థానంలో అలాంటిదే మార్చుకోవడం వరకు నిబంధనలు ఒప్పుకుంటాయి. కొత్త లైను లాగడం, లోడు పెంచడం లైసెన్సున్న కాంట్రాక్టరు పని. మార్చేటప్పుడు కూడా స్విచ్చు ఆపితే చాలనుకోవద్దు. కొన్ని పాత ఇళ్లలో స్విచ్చు న్యూట్రల్ మీద పడి ఉంటుంది, ఆపినా హోల్డర్‌లో ఫేజు అలాగే ఉంటుంది. మెయిన్ దించాలి.

మరి గోడలో సంగతి ఎవరు చూడాలి? విద్యుత్ పంపిణీ సంస్థ బాధ్యత మీటరు దగ్గర ఆగిపోతుంది. మున్సిపాలిటీ ప్లాను చూస్తుంది, బ్యాంకు ఇంజినీరు శ్లాబు పడిందా లేదా చూస్తాడు. కొత్త సర్వీసుకి వైరింగ్ టెస్టు రిపోర్టు కావాలి కదా అంటారా? నాకు తెలిసిన రెండిళ్లలో, దాని మీద సంతకం పెట్టినాయన ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. ఆ సంతకం నిజంగా మీటరు పెట్టి కొలిచాకే పడేలా చూడటం ప్రభుత్వం పని. అది జరిగేదాకా ఇంటివాళ్లే అడగాలి.

తమ్ముడు ఇప్పుడు పైన రెండో అంతస్తు వేస్తున్నాడు. ఈసారి పైపులేసిన రోజు ప్రతి గోడకీ పక్కన టేపు పెట్టి ఫొటో తీయించుకున్నాడు, రేపు మేకు కొట్టాలన్నా పనికొస్తుందని. వైర్లు లాగిన సాయంత్రం బాబాయి పంపిన ఫొటోల్లో బాత్రూం గీజర్ పెట్టెలో ఎరుపుంది, నలుపుంది, ఆకుపచ్చ లేదు. ఫోన్ చేస్తే, కట్ట అయిపోయింది, సోమవారం తెచ్చి లాగుతానన్నాడట ఎలక్ట్రీషియన్. ప్లేట్లు బిగించడం ఆపేయమన్నాడు తమ్ముడు. పెయింటర్లు రెండు రోజులు ఊరికే కూర్చున్నారు. వాళ్ల కూలి ఎవరిస్తారన్న తగువు ఇంకా తెగలేదు.