ఇంజన్ ఎంత పడిందని కాదు, పాతది ఎందుకు పోయిందని అడగండి

మా వ్యాన్‌కి ఇంజన్ మార్చామని తెలిసిన దగ్గర్నుంచి రోజుకి ఒకరైనా ఫోన్ చేస్తున్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "ఇంజన్ ఎంత పడిందన్నా?" పాతది ఎందుకు పోయిందని ఇప్పటిదాకా ఒక్కరూ అడగలేదు. వాళ్లని అనడానికి లేదు, మే నెలలో నేనూ అడగలేదు. అడగనందుకు నాలుగు నెలలు తిరక్కుండానే రెండో ఇంజన్ కూడా పోయింది. ఆ కడుపుమంటతోనే రాస్తున్నా. పోస్టు పొడుగ్గా ఉంటుంది, డీజిల్ బండి మీద బతికేవాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మాది గుడ్ల వ్యాపారం. తణుకు వైపు కోళ్ల ఫారాల దగ్గర లోడు ఎత్తి, విజయవాడలో కిరాణా కొట్లకీ హోటళ్లకీ వేస్తాం. క్లోజ్డ్ బాడీ వ్యాన్, 2018 మోడల్, బీఎస్ 4 డీజిల్. 2 లక్షల 60 వేల కిలోమీటర్లు తిరిగింది. ఏ కంపెనీయో రాయను, ఇది కంపెనీతో గొడవ కాదు.

2025 మే. ఆ రోజు ఫారం దగ్గర లోడు ఆలస్యమై, బండి ఎండెక్కాక బయల్దేరింది. ఏలూరు దాటి కలపర్రు టోల్‌గేటు దగ్గర్నుంచి డ్రైవర్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, టెంపరేచర్ సూది పైకి పోయింది. పక్కకి ఆపేలోపే మళ్లీ కిందికి దిగిపోయింది. ఏం చేయమంటారు?" హోటళ్ల వాళ్లు అప్పటికే నా ప్రాణం తీస్తున్నారు. "దిగింది కదా, ఇంకేంటి, వచ్చెయ్" అన్నా. హనుమాన్ జంక్షన్ చేరకముందే ఇంజన్ పట్టేసింది, అంటే లోపల బిగుసుకుపోయి ఆగిపోయింది.

సూది దిగడమంటే చల్లబడడం కాదని నాకు తర్వాత తెలిసింది. ఆ సెన్సార్ నీళ్లలో మునిగి ఉన్నంతవరకే నిజం చెబుతుంది. రేడియేటర్ కింది హోస్ (రబ్బరు గొట్టం) పగిలి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాక దానికి తగలడానికి నీళ్లే లేవు. లోపల హెడ్ (ఇంజన్ పై భాగం) మాడిపోతుంటే డాష్‌బోర్డు మీద మాత్రం అంతా చల్లగా కనిపించింది. డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పని సంగతి ఇది. సూది పైకెక్కి, బండి ఆపకుండానే ఉన్నట్టుండి దిగిపోయిందంటే అది ఇంకా పెద్ద ప్రమాదం. ఇంజన్ ఆపేయండి. గుడ్లు ఎండకి పోతే పోనీ.

బండిని ఈడ్చుకొచ్చి ఆటోనగర్‌లో పడేశాం. అక్కడ మూడు దార్లు చూపించారు. షోరూం వాళ్లు కొత్త ఇంజన్ అసెంబ్లీ 2 లక్షల 80 వేలు, రావడానికి మూడు వారాలు, సగం డబ్బు ముందే కట్టాలన్నారు. గ్యారేజీలో ఇదే ఇంజన్‌ని బోర్ చేయించి (సిలిండర్ల లోపల సాపు చేయించి) కడితే 1 లక్ష 10 వేలు, పన్నెండు రోజులన్నారు. ఈలోపు ఎక్కడ నుంచి ఊడిపడ్డాడో ఒక బ్రోకర్. "సెకండ్ హ్యాండ్ హాఫ్ ఇంజన్ ఉందన్నా, 75 వేలు, ఎల్లుండికి బండి రోడ్డు మీద ఉంటుంది" అన్నాడు.

ఇన్సూరెన్స్ ఏజెంట్‌కి ఫోన్ చేస్తే నవ్వాడు. యాక్సిడెంట్ అయితే వేరే సంగతి గానీ, మెకానికల్ బ్రేక్‌డౌన్ పాలసీలో రాదట. ఏటా వేలకి వేలు కడుతున్నా ఆ ఒక్క లైను నేనెప్పుడూ చదవలేదు.

ఇక నా లెక్క చూడండి. అద్దె వ్యాన్‌కి రోజుకి 3,500. నెలనెలా కిస్తీ. బండి ఆగినా కిస్తీ ఆగదు. పన్నెండు రోజులు ఆగితే అద్దెకే 42 వేలు. ఆ టెన్షన్లో ఎవడైనా ఎల్లుండే కావాలంటాడు. నేనూ అదే అన్నా. సెకండ్ హ్యాండ్ ఇంజన్ల వ్యాపారమంతా ఆ "ఎల్లుండి" మీదే నడుస్తుంది.

హాఫ్ ఇంజన్ అంటే ఇంజన్ కింది సగం: సిలిండర్లుండే బ్లాకు, అందులో ఆడే పిస్టన్లు, అవి తిప్పే ఇరుసు క్రాంక్. హెడ్, పంపు, ఇంజెక్టర్లు, టర్బో మన పాతవే బిగిస్తారు. మా హెడ్‌ని లేత్‌కి పంపి ఫేసింగ్ కొట్టించారు, అంటే అడుగు చదును చేయించారు. కామన్ రైల్ బండ్లలో (అన్ని సిలిండర్లకీ ఒకే పైపు నుంచి డీజిల్ వెళ్లేవి) డీజిల్ చిమ్మే ఇంజెక్టర్‌కి కోడ్ ఉంటుంది, వేరేవి వేస్తే దాన్ని ఈసీయూలో, అంటే ఇంజన్ కంప్యూటర్లో, ఎక్కించాలి. మనవే ఏ సిలిండర్‌ది ఆ సిలిండర్‌కి పెట్టుకుంటే ఆ తలనొప్పి లేదు. ఇక్కడిదాకా మెకానిక్ పని శుభ్రంగానే చేశాడు, అబద్ధం ఎందుకు చెప్పాలి. వారంటీ అడిగితే బ్రోకర్ "ఏడు రోజులు చెకింగ్ వారంటీ" అన్నాడు. పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి చూడడం, ఆయిల్ మూత తీస్తే పొగ ఎంత కొడుతోందో చూడడం లాంటివన్నీ ఆ ఇంజన్ దాని పాత బండిలో ఉండగానే, విప్పక ముందే చేయాలి. నేను బిగించాక చూశా. అదృష్టం కొద్దీ అది మంచి ఇంజనే. అదే కదా నా ఏడుపు, మంచి ఇంజన్‌ని తెచ్చుకుని మరీ చంపుకున్నా.

ఎందుకంటే అన్ని రోజుల్లో, అంతమంది చేతుల్లో, పాత ఇంజన్ ఎందుకు వేడెక్కిందని ఎవరూ చూడలేదు. పగిలిన హోస్ కనిపించింది, మార్చారు, కేసు మూసేశారు. మెకానిక్ తీర్పు కూడా ఇచ్చేశాడు: "డ్రైవర్ నీళ్లు చూసుకోలేదన్నా." ఈ మాట ఆటోనగర్‌లో రోజుకి ఎన్నిసార్లు వినపడుతుందో! ఇంజన్ పోతే డ్రైవర్, క్లచ్ పోతే డ్రైవర్, టైరు పేలినా డ్రైవరే. అక్కడ లేనివాడి మీద నెట్టేస్తే అందరికీ సుఖం. నేనూ నమ్మేశా. నలుగురి ముందు కుర్రాణ్ని నోటికొచ్చినట్టు తిట్టి, ఆ నెల జీతంలో 8 వేలు కోశా. మర్నాటి నుంచి వాడు రాలేదు. కలపర్రు దగ్గర ఆపమంటారా అని వాడు అడిగాడు, వచ్చెయ్యమన్నది నేను. ఈ ముక్క ఆ రోజు నాకు గుర్తు రాలేదు, లేదా గుర్తు చేసుకోలేదు.

సెప్టెంబర్ మొదట్లో మళ్లీ సూది లేచింది, ఈసారి గన్నవరం దగ్గర. స్టీరింగ్ నా చేతిలోనే ఉంది. వెంటనే ఆపా. చల్లారాక రేడియేటర్ మూత తీసి స్టార్ట్ చేస్తే నీళ్లలో బుడగలు. సైలెన్సర్లో తెల్ల పొగ. ఆయిల్ మూత తీసి చూస్తే లోపల పాల టీ లాంటి నురగ. హెడ్‌కీ బ్లాకుకీ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయింది, నీళ్లు ఆయిల్లో కలిశాయి. ఈసారి డ్రైవర్ని నేనే మరి, ఎవర్ని తిట్టాలి?

అప్పుడు, నాలుగు నెలలు ఆలస్యంగా, రేడియేటర్ విప్పించి ఒక పాత షాపుకి పట్టుకెళ్లా. పెద్దాయన, అక్కడ అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన ఏమీ మాట్లాడలేదు. కింది గొట్టం అరచేత్తో మూసి, పైనుంచి నిండా నీళ్లు పోసి, చెయ్యి తీశాడు. నీళ్లు బుడుంగున పడాలట. మాది పాల ప్యాకెట్‌కి చిల్లు పడ్డట్టు సన్నగా కారింది. తర్వాత పక్క ట్యాంకు ఊడదీసి చూపించాడు. సన్న గొట్టాల్లో సగానికి పైగా తెల్లటి గార పట్టి మూసుకుపోయాయి. "ఏం నీళ్లు పోస్తున్నారయ్యా దీంట్లో?" అన్నాడు. ఏం నీళ్లు? ఫారం దగ్గర బోరు నీళ్లు. కూలెంట్ డబ్బా కొనడం దండగని రెండేళ్లుగా అదే పోయించింది నేనే. మా ఇంట్లో గీజర్ కాయిల్‌కి అదే తెల్ల గార పడితే ఏటా మార్పిస్తా, బండికి మాత్రం తట్టలేదు.

బాబాయ్ అక్కడితో వదల్లేదు. "ఫ్యాన్ కప్లింగ్ చూశారా?" అన్నాడు. కప్లింగ్ అంటే ఇంజన్ వేడెక్కినప్పుడు ఫ్యాన్‌ని గట్టిగా పట్టి తిప్పేది. ఇంజన్ వేడిగా ఉండగా ఆపేసి, ఫ్యాన్‌ని చేత్తో తిప్పితే బిగువుగా ఉండాలి. మాది గాలిపటం చక్రంలా గిరగిరా తిరిగింది. అంటే వేడెక్కినప్పుడు గాలి లాగాల్సిన ఫ్యాన్ ఊరికే తిరుగుతోందన్నమాట. నీళ్లు పోవు, గాలి రాదు. దానికి ఏ ఇంజన్ పెట్టినా చస్తుంది.

ఇంకొకటి కూడా బయటపడింది. హాఫ్ ఇంజన్ విప్పితే క్రాంక్ బేరింగుల మీద గీతలున్నాయి. అవి దాని సొంత అరుగుదల గీతలు కావు. మొదటి ఇంజన్ పట్టేసినప్పుడు రాలిన ఇనప రజను ఇంజన్ ఆయిల్‌ని చల్లార్చే పాత ఆయిల్ కూలర్లో కూర్చుని ఉంది. ఆ కూలర్‌నే కడిగి మళ్లీ బిగించారు. కూలర్ సందుల్లో దూరిన రజను కడిగితే పోదు. అదే ఆ హాఫ్ ఇంజన్‌లోకి దిగింది. ఇంజన్ పట్టేసిన బండికి ఆయిల్ కూలర్ మార్చాల్సిందే, టర్బోకి వెళ్లే ఆయిల్ పైపులు విప్పి చూడాల్సిందే. "పాతది బానే ఉందన్నా, అనవసరం ఖర్చు" అని ఎవరైనా అంటే, వాళ్లు మీ డబ్బు మిగల్చడం లేదు, మీ రెండో ఇంజన్‌కి తేదీ పెడుతున్నారు.

కాగితాల సంగతి కూడా చెప్పాలి, దీని గురించి మనవాళ్లెవరూ మాట్లాడరు. ఆర్సీ మీద ఛాసిస్ నంబరుతో పాటు ఇంజన్ నంబరు ఉంటుంది. ఆ నంబరు బ్లాకు మీద కొట్టి ఉంటుంది కాబట్టి, హాఫ్ ఇంజన్ వేసినా నంబరు మారిపోయినట్టే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అలా మార్చినప్పుడు 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేసి ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఆ ఇంజన్ ఏ బండిదో, బిల్లు ఏదో, తుక్కుకి ఇచ్చిన బండి కాగితాలేవో మన దగ్గర ఉండాలి. అది దొంగ బండి ఇంజన్ అయితే రేపు స్టేషన్‌కి వెళ్లేది బ్రోకర్ కాదు, మనం. నాకు తెల్ల కాగితం మీద రాసిచ్చిన రసీదు తప్ప ఏమీ లేదు. నేను ఎక్కడా చెప్పలేదు. తప్పే. ఆ నాలుగు నెలలూ చెక్‌పోస్టు కనిపిస్తే చాలు గుండె దడదడలాడేది. యాక్సిడెంట్ జరిగి ఉంటే ఇన్సూరెన్స్ వాడు ముందు అడిగేది కూడా ఆ నంబరే.

ఇందులో నేను తెలివిగా చేసిన పని ఒక్కటీ లేదు, చేసింది మా ఆవిడ. మేలో మెకానిక్ పాత బ్లాకుని తుక్కు కింద తీసుకుని 6 వేలు తగ్గిస్తానన్నాడు. నేను సరేనన్నా. "నంబరు మనది కదండీ, అమ్మేస్తే ఎలా?" అని తను అడ్డుపడింది. నాకు విసుగొచ్చినా ఆటోలో వేయించి తెచ్చి మెట్ల కింద పడేశా. నాలుగు నెలలు మా పిల్లలు దాని మీద కూర్చుని చెప్పులు వేసుకున్నారు. సెప్టెంబర్‌లో అదే బ్లాకుని లేత్‌కి తీసుకెళ్తే లైనర్లు (సిలిండర్ల లోపలి తొడుగులు) మార్చి కట్టొచ్చన్నారు. క్రాంక్ కూడా గ్రైండింగ్ చేసి వాడుకునేలానే ఉంది. కొత్త లైనర్లు, పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి మా ఇంజన్‌నే మళ్లీ కట్టించా. నంబరు ఆర్సీతో కలిసింది, దడ తగ్గింది.

స్పేర్ పార్టుల షాపతను "22 దాకా ఆగండి సార్" అన్నాడు. సెప్టెంబర్ 22 నుంచి ఆటో పార్టుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పది రోజులు ఆగితే మిగిలేది అద్దె వ్యాన్‌కే పోతుందని లెక్క వేసుకుని సగం సామాను ముందు, సగం తర్వాత కొన్నా. దానివల్ల ఏం మిగిలిందో దేవుడికే తెలియాలి.

మేలో మొత్తం 1 లక్ష 7 వేలు. సెప్టెంబర్‌లో ఇంజన్‌కి 1 లక్ష 24 వేలు. రేడియేటర్, ఫ్యాన్ కప్లింగ్, ఆయిల్ కూలర్ మూడూ కలిపి 21 వేలు. ఆ 21 వేలు మేలోనే పెట్టి ఉంటే, ఎల్లుండి కాకపోయినా ఆ పై వారానికైనా బండి తిరిగేది, ఇప్పటికీ తిరుగుతూ ఉండేది.

అందుకే ఫోన్ చేసేవాళ్లకి రేటు చెప్పడం లేదు. ముందు రేడియేటర్ విప్పించావా, ఫ్యాన్ తిప్పి చూశావా, ఆయిల్ ఫిల్టర్ కోసి లోపల రజను ఉందేమో చూశావా అని ఎదురు అడుగుతున్నా. కొంతమందికి కోపం వస్తోంది. రేటు అడిగితే ప్రశ్నలు వేస్తాడేంటి వీడు అంటున్నారట. అననీ.

బండి రోడ్డెక్కిన రోజు రాత్రి ఆ డ్రైవర్ కుర్రాడికి ఫోన్ చేశా. ఇప్పుడు వేరే చోట పాల వ్యాన్ తోలుతున్నాడు. కోసిన 8 వేలు పంపిస్తున్నా, ఏమనుకోకురా అన్నా. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఏం పోయిందన్నా చివరికి?" అని అడిగాడు. వాడైనా అడిగాడు. రేడియేటర్, ఫ్యాన్ కప్లింగ్ అని చెప్పా.

"ఫ్యానా? మార్చిలోనే చెప్పా కదన్నా, ఎండలో లోడు లాగేటప్పుడు హోరుమనే ఫ్యాన్ సౌండ్ ఈమధ్య రావట్లేదని. మీరే, పోన్లేరా, గోల తగ్గింది అన్నారు."