మదురై కథకు అనంతపురం బోర్డు

2008లో వచ్చిన తమిళ చిత్రం ‘సుబ్రమణ్యపురం’ తెలుగులోకి ‘అనంతపురం 1980’గా డబ్బింగై దిగుమతి అయింది. ఊరి పేరు మారినా తెర మీద వీధులు, జాతర, మనుషులు అన్నీ మదురైవే. కత్తులూ నెత్తురూ ఉంటే చాలు, సీమ పేరు అతుకుతుందని ఎవరికో తోచినట్టుంది.

అదే చిత్రాన్ని హిందీ దర్శకుడు అనురాగ్ కశ్యప్ వేరేగా చదువుకున్నాడు. 2012లో ‘గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్’ టైటిళ్లలోనే తమిళ దర్శకులు బాలా, అమీర్, ‘సుబ్రమణ్యపురం’ తీసిన శశికుమార్‌లకు కృతజ్ఞత చెప్పాడు. అయినా ఆ సినిమాలో మదురై లేదు. ధన్‌బాద్ బొగ్గు ఉంది, ఆ ప్రాంతపు యాస ఉంది. స్ఫూర్తి పొందడమంటే నా దృష్టిలో ఇదే.

తక్కువ ఖర్చు యాక్షన్ చిత్రాల నుంచి తరువాతివాళ్లు ఎక్కువగా తీసుకునేది పైపై మెరుపు. అమెరికన్ దర్శకుడు రాబర్ట్ రోడ్రిగెజ్ 1992 నాటి ‘ఎల్ మరియాచి’ని దాదాపు 7 వేల డాలర్లతో తీశాడు. అందులో కొంత సొమ్ము మందుల ప్రయోగాలకు తన ఒంటినే అప్పగించి సంపాదించినది. చేతికి అందే బస్సు, కుక్క, తాబేలు చూసుకుని వాటి చుట్టూ కథ రాశాడు. కెమెరాను కదిలించే ట్రాలీ బదులు చక్రాల కుర్చీ. కెమెరా రొద వల్ల మాటలు విడిగా రికార్డు చేయాల్సి వచ్చింది. పెదవులకూ మాటకూ పొంతన తప్పిన చోటల్లా షాటు కత్తిరించి ఇంకో షాటుకు దూకాడు. చూసినవాళ్లు మెచ్చుకున్న ఆ వేగంలో సగం, లోపాన్ని దాచుకునే అవస్థే. ఆ అవస్థ లేనివాళ్లు కూడా ఇప్పుడు అర సెకనుకో షాటు కోస్తున్నారు, ఎందుకో వాళ్లకే తెలియాలి.

మన ఫ్యాక్షన్ చిత్రాలకు డబ్బు కొరత ఎప్పుడూ లేదు. సుమోలు గాల్లోకి లేచాయి, కర్నూలు అంటే కొండారెడ్డి బురుజు ఒక్కటే అన్నట్టు కెమెరా అక్కడే తిరిగింది. ఆదోని పత్తి మార్కెట్‌లో ధర దగ్గర మొదలయ్యే తగాదా, తాడిపత్రి బండల పాలిష్ యూనిట్ల హోరులో ఎవరికీ వినిపించని బెదిరింపు, గుంతకల్లు జంక్షన్‌లో రైలు మారుతూ పారిపోయే కుర్రాడు: వీటికి సెట్లు అక్కర్లేదు, పెద్ద హీరో అంతకన్నా అక్కర్లేదు. అసలు పెద్ద హీరో వస్తే ఆ కుర్రాడు పారిపోవడానికి ఒప్పుకోడు. కథ అక్కడే చెడుతుంది.