నీలి లైటు గారూ, కాస్త తగ్గండి

రంగు అణువుల్ని వెలిగించి కణాల్ని చూపే ఫ్లోరొసెన్స్ మైక్రోస్కోపులో కొలువున్న నీలి లైటు గారికి,

నమస్కారం. మీరు లేకపోతే బతికున్న కణంలో మాకు పెద్దగా ఏమీ కనపడదు. ఆ సంగతి మీకూ తెలుసు, అందుకే ఆ పొగరు. 1962లో షిమొమురా జెల్లీఫిష్ నుంచి జీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ని బయటికి తీసినప్పుడే మీ దశ తిరిగింది. మీరు తగిలితే చాలు, అది పచ్చగా వెలుగుతుంది. 2008లో దానికి నోబెల్ కూడా వచ్చింది. వచ్చింది ముగ్గురు శాస్త్రవేత్తలకి, కానీ మీ వాలకం చూస్తే మీకే ఇచ్చారేమో అనిపిస్తుంది.

చూడ్డానికి వచ్చినవాళ్లు చూసి వెళ్లాలి కదండీ. మీరు తగిలిన రంగు అణువు కాసేపు వెలిగి మాడిపోతుంది. దాన్ని ఫొటోబ్లీచింగ్ అంటాం, సరే, బొమ్మ మసకబారిందని కనీసం తెలుస్తుంది. చడీచప్పుడు లేకుండా మీరు చేసే రెండో పనే నాకు మంట. కణంలో చురుకైన ఆక్సిజన్ రకాల్ని పుట్టిస్తారు, అవి డీఎన్‌ఏనీ పొరల్నీ పాడుచేస్తూ పోతాయి, కణం మాత్రం వెంటనే చావదు, విభజన ఆలస్యం చేస్తుంది, కణానికి శక్తినిచ్చే, పొడవుగా సాగి ఉండాల్సిన మైటోకాండ్రియా తునకలై గుండ్రంగా ముడుచుకుంటాయి. బొమ్మ మాత్రం ధగధగ. ఇక ఎవరో ఒకరు ఆ స్లైడ్ వేసి "మా మందు ఎలా పనిచేసిందో చూడండి" అంటారు. పనిచేసింది మందు కాదు మహానుభావా, మీరు!

మా అటెండర్ తాత ఒకరోజు స్క్రీన్ చూసి, "బాబూ, రాత్రంతా నెత్తిమీద లైటేస్తే అవి పడుకుంటాయేటి?" అన్నాడు. సెమినార్లలో ఇంత సూటి ప్రశ్న నేను వినలేదు.

కాన్ఫోకల్ అనే రకం మైక్రోస్కోపులో మీ దుబారా ఇంకా దారుణం. మాకు కావలసింది కణంలో ఒక పలుచని పొర. మీరు పైనుంచి కిందిదాకా వెలుగు పోసేస్తారు, చివర్లో సన్న రంధ్రం అడ్డుపెట్టి ఆ ఒక్క పొరదే ఉంచుకుని మిగతాది పారేస్తాం. పది పొరలు కావాలంటే ప్రతి పొరకీ పదిసార్లు బాదుడే.

మా ఊరి పక్కనే అరసవల్లి ఉంది. మార్చిలో, అక్టోబరులో కొన్ని రోజులు పొద్దున్నే సూర్యకిరణాలు లోపలికొచ్చి స్వామి పాదాలు తాకి పోతాయి. ఉండేది కొద్ది నిమిషాలే. దానికోసం జనం తెల్లవారకముందే లైను కడతారు, మబ్బు పట్టిందంటే అదీ లేదు. సూర్యనారాయణమూర్తే అంత పొదుపుగా దర్శనమిస్తుంటే, మిల్లీవాట్లలో బతికే మీకేంటండీ ఈ దూకుడు?

అన్నీ మీ తప్పులే అననులెండి. కణాలకి 37 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ కావాలి, మాకేమో ఏసీ కావాలి. ఏసీ ఆగి మళ్లీ మొదలైనప్పుడల్లా డిష్ పెట్టే స్టేజీ లోహం మైక్రాన్లలో సాగి ముడుచుకుంటుంది, ఫోకస్ జారిపోతుంది. కరెంటు పోతే సరేసరి.

2014లో సూపర్ రిజల్యూషన్‌కి నోబెల్ రాగానే మీ జాతికి మరింత ఊపొచ్చింది. అంతకన్నా చిన్న వివరం మామూలు మైక్రోస్కోపులో విడిగా కనపడదనే 200 నానోమీటర్ల గీత దాటించారు, ఒప్పుకుంటా. కానీ అందులో స్టెడ్ (STED) లాంటి పద్ధతిలో వివరం పెరగాలంటే వెలుగు కుమ్మరించాలి. వేగం, స్పష్టత, లోతు, కణం ఆరోగ్యం, ఈ నాలుగూ ఒకేసారి దొరకవు. మా సార్‌కి నాలుగూ కావాలి, అదీ సోమవారం కల్లా.

మీ కొలువుకి పోటీ వచ్చింది, ముందే చెబుతున్నా. లైట్ షీట్ అనే మైక్రోస్కోపు అయితే పక్కనుంచి పలుచగా వచ్చి చూడాల్సిన పొరనే వెలిగిస్తుంది, చేప పిండాలు ఎదగడాన్ని దానితో గంటల తరబడి చూస్తున్నారు. అసలు రంగే వద్దు, కణం గుండా వెళ్లిన కాంతి ఎంత వెనకబడిందో చూస్తే చాలనే దారి కూడా ఉంది, ఆ దారి వేసిన శాస్త్రవేత్త జెర్నికీకి 1953లోనే నోబెల్ ఇచ్చారు. కొన్ని మెషీన్లు ఇప్పుడు నెమ్మదిగా ఫొటోలు తీస్తూ, విభజన మొదలైందని పసిగట్టినప్పుడే వేగం పెంచుతున్నాయి. తక్కువ వెలుగులో తీసిన గరుకు బొమ్మని శుభ్రం చేసే ఏఐ కూడా వచ్చింది. దాన్ని మాత్రం నేను పూర్తిగా నమ్మను, లేని గీతని ఉన్నట్టు అందంగా గీసిపెట్టే గుణం దానికుంది, అసలు బొమ్మతో సరిచూడకుండా కొలతలకి వాడితే కొంప మునుగుతుంది. మీరు ఉన్న కణాన్ని చంపుతారు, అది లేని కణాన్ని పుట్టిస్తుంది.

కాబట్టి వచ్చే వారం నుంచి కొత్త పద్ధతి. ఎక్స్‌పోజర్ అవ్వగానే షట్టర్ పడుతుంది, ఫొటోకీ ఫొటోకీ మధ్య మీరు ఊరికే వెలుగుతూ కూర్చోవడం కుదరదు. పవర్ కొలతకి చాలినంతే, కవర్ పేజీకి సరిపడేంత కాదు. మందు వేయని డిష్ ఒకటి మీ కింద పెడతాం, ఇంకొకటి ఇంక్యుబేటర్ చీకట్లో ఉంటుంది, చివర్లో రెండింట్లో కణాలు ఎన్నయ్యాయో లెక్కపెడతాం. ఆ రెండో డిష్ జోలికి మీరు రావద్దు.

ఇట్లు,
శ్రీకాకుళం నుంచి, మీ ముందు కళ్లు కాయలు కాచిన ఒక రీసెర్చ్ స్టూడెంట్